మంగినపూడి ముందు లంగరు

'బందరు' అన్నది మనకు ఒక ఊరి పేరు. ఫారసీ భాషలో ఆ మాటకు అర్థం ఓడరేవు. లంగరు కూడా ఫారసీ మాటే. మన నదీతీరాల్లో పడవ నడిపే పెద్దను సరంగు అంటారు. అదీ ఆ భాష నుండి వచ్చినదే. పెడన, మచిలీపట్నాల అద్దకానికి పేరైన కలంకారిలో కలం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఇన్ని మాటలు ఒక తీరాన దిగి, అక్కడి తెలుగులో కలిసిపోయి, పరాయివన్న సంగతే మరపునకు వచ్చిందంటే వాటిని మోసుకొచ్చిన ఓడలు ఎన్ని ఇక్కడ ఆగి ఉండాలి! ఆ ఓడలు ఆగిన చోటును నీటి మీద నుండి చూడాలని మా మిత్రబృందానికి చాలాకాలంగా ఉన్న కోరిక ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక గురువారం నాడు, అల్లాహ్ దయ వలన, నెరవేరింది.

మేము ఐదుగురము. మదరసాలో మాతోపాటు బోధించే హాఫిజ్ సాబ్, బందరులో అద్దకపు అచ్చులు చెక్కే మిత్రుడు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, దివిసీమకు చెందిన మా చిన్ననాటి సహాధ్యాయి. ధనవంతులు మోటారు యాట్‌లలో విహరించి, అందమైన తీరాల ముందు లంగరు వేసుకుని రోజులు గడుపుతారని పత్రికల్లో చదువుతుంటాము. మాకు దొరికిన యాట్ చేపల వాసన వదలని ఒక మరపడవ. హాఫిజ్ సాబ్‌కు పరిచయమున్న మత్స్యకార కుటుంబానిది. మత్స్యశాఖ వారికి, మెరైన్ పోలీసులకు ముందుగా తెలియజేసి, లైఫ్ జాకెట్లు కట్టుకుని గిలకలదిండి రేవులో ఎక్కాము.

బయలుదేరే వేళను నిర్ణయించినది మేము కాదు, సముద్రం. గిలకలదిండి నుండి కడలిలోకి వెళ్ళే మొగలో ఇసుక మేట వేస్తుంది. పోటు మీద నీరు పెరిగినప్పుడే పడవలు దాటాలి. పాటులో ప్రయత్నిస్తే అడుగు నేలకు ఆనుతుంది. తొమ్మిది గంటలకు నీరు నిండింది. అరవై దాటిన మా సరంగు మొగ దాటేవరకు ఎవరితోనూ మాట్లాడలేదు. నీటి రంగు చూస్తూ, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పుతూ, మా కంటికి ఎక్కడా కనిపించని దారిలో నడిపించాడు. అలలు పెద్దవయ్యాక, "ఇక మాట్లాడండి సాయిబు గారూ, లోతులోకి వచ్చేశాం" అన్నాడు.

ఉత్తరంగా మంగినపూడి వైపు సాగుతూ తీరాన్ని చూసిన మాకు ముందుగా కలిగినది ఆశ్చర్యం. కొండ లేదు, గుట్ట లేదు. కొద్ది దూరం వెళ్ళేసరికి ఇళ్ళు, సరుగుడు తోటలు ఒక సన్నని గీతగా మారి నీటిలో కలిసిపోయాయి. మిగిలినది మంగినపూడి దీపస్తంభం ఒక్కటే. కృష్ణమ్మ వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి నేల ఇది. సముద్రానికి దాదాపు సమానమైన ఎత్తులో పరచుకుని ఉంది. మంగినపూడి బీచ్‌లో ఇసుకకు బదులు నల్లమట్టి కాళ్ళకు అంటడానికి, చాలా దూరం నడిచినా నీరు నడుము దాటకపోవడానికి కారణం ఇదే.

ఈ లోతు లేని తీరానికి అంత కీర్తి ఎలా వచ్చింది? 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, బంగాళాఖాతం మొత్తంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకంటే మేలైన చోటు లేదని వ్రాశాడు. ఊరిలో ఇళ్ళన్నీ కొయ్యవేనని చెబుతూనే, పెగూ, సయాం, సుమత్రా, హోర్ముజ్, మక్కా దిశలకు ఓడలు ఇక్కడి నుండే బయలుదేరుతాయన్నాడు. కుతుబ్‌షాహీల ప్రధాన రేవు ఇది. 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థానాలు పెట్టుకున్నారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. బందరు కోటలో నేటికీ శిథిలాలు నిలిచి ఉన్నాయి.

ఈ కీర్తికి కారణాన్ని పడవలోనే తెలుసుకున్నాము. దక్షిణాన దివిసీమ సముద్రంలోకి ముందుకు చొచ్చుకుని ఉంటుంది. నైరుతి గాలి వీచే రోజుల్లో ఆ నేల అడ్డుగా నిలిచి, దాని ఉత్తరాన ఉన్న నీటిని కాస్త నెమ్మదిగా ఉంచుతుంది. అయినా పెద్ద ఓడ ఏదీ ఒడ్డుకు రాలేదు. లోతు లేక మైళ్ళ దూరంలోనే నిలిచేది. సరుకు, మనుషులు, హజ్ యాత్రికులు చిన్న పడవల్లో రాకపోకలు సాగించవలసినదే. అలల తాకిడికి విరగకుండా, ఇనుప మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో పలకలను కుట్టిన పడవలను ఈ తూర్పు తీరమంతటా వాడేవారు. కోటలు కట్టిన వారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ కుట్టు పడవలు నడిపిన వారి పేరు ఒక్కటీ లేదు. కాని ఓడకు, ఒడ్డుకు నడుమ అసలు రేవు వారే.

దీపస్తంభం మాకు పడమటి దిక్కున కొద్దిగా ఉత్తరంగా వచ్చినప్పుడు సరంగు ఇంజను ఆపాడు. తాడుకు కట్టిన సీసపు గుండు అడుగున కాస్త గ్రీజు పూసి నీటిలోకి వదిలాడు. తాడును చేతులు చాచి కొలిచి, నాలుగు బారలు అన్నాడు. గుండును పైకి తీసి గ్రీజుకు అంటినదాన్ని వేలితో నలిపాడు. నల్లని బంకమట్టి. "పట్టు మంచిది" అని లంగరు దించి, లోతుకు ఐదింతలకు పైగా తాడు వదిలాడు. అంత తాడు ఎందుకని మా ఉపాధ్యాయ మిత్రుడు అడిగితే, తాడు పొట్టిగా ఉంటే లంగరును పైకి లాగేస్తుందని, పొడుగ్గా ఉంటే నేలబారుగా లాగి ఇంకా లోతుగా దింపుతుందని చెప్పాడు. లంగరు బరువే పడవను నిలుపుతుందని అంతవరకు అనుకున్న మిత్రులకు అది కొత్త పాఠమైంది.

మధ్యాహ్నం వంజరం చేప వేయించి వడ్డించారు. అందరూ తింటూ మాట్లాడుకుంటుంటే దివిసీమ మిత్రుడు మాత్రం దక్షిణం వైపు చూస్తూ కూర్చున్నాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆయన ఏడేళ్ళ బాలుడు. పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ నీరు వారి ఇంటిలోకి వచ్చినప్పుడు తండ్రి ఆయనను తాటిచెట్టు మీదికి ఎక్కించి, తన తలగుడ్డతో మానుకు కట్టాడు. ఆ తరువాత తండ్రి కనిపించలేదు. నాటి నుండి ఆయన సముద్రంలో అడుగు పెట్టలేదు. ఈసారి ఎందుకు వచ్చావని మేము అడగలేదు. ఆయనే చాలాసేపటికి, "తీరాన్ని నీటివైపు నుండి చూస్తే ఇప్పుడు అర్థమవుతోంది మౌలానా, దానికి అడ్డమే లేదు" అన్నాడు. మళ్ళీ కొంతసేపటికి, "అబ్బా వేసిన ముడి మాత్రం తెల్లవారే వరకు ఊడలేదు" అన్నాడు.

ఈ తీరం ఇటువంటి రాత్రులను ఎన్నో చూసింది. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. 2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన సునామీ ఈ కృష్ణా తీరాన్నీ విడువలేదు. 1977 తరువాత తుఫాను రక్షణ భవనాలు కట్టారు, హెచ్చరికలు ముందుగా అందుతున్నాయి, దివిసీమ అంచున మడ అడవులను కాపాడుకోవాలన్న స్పృహ పెరిగింది. అలల బలాన్ని తగ్గించే ఆ చెట్లు కూడా ఒక రకమైన లంగరులే. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) బోధను మేము ఏటా పిల్లలకు చెబుతుంటాము. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని తెలియజేయడానికి ఆ తండ్రి తలగుడ్డను మించిన వివరణ మాకు గ్రంథాల్లో దొరకలేదు.

అస్ర్ వేళకు పాటు ముగిసి పోటు మొదలైంది. పడవ ఊగుతున్నందున కూర్చునే నమాజు చేయసాగాము. దీపస్తంభానికి కాస్త కుడిగా కిబ్లా. నమాజు సగంలో ఉండగా ప్రవాహం దిశ మారి పడవ తాడు చుట్టూ మెల్లగా తిరగసాగింది. ఓడ తిరిగితే నమాజీ కూడా తిరిగి కిబ్లాను నిలుపుకోవాలన్నది ఫిఖ్‌హ్‌లో మేము ఎన్నో ఏళ్ళుగా చెప్పే పాఠం. హాఫిజ్ సాబ్ మెల్లగా తిరిగారు, వారి వెనుక మేము తిరిగాము. పడవ దిశ మారింది, లంగరు కదలలేదు, దీపస్తంభం ఉన్నచోటే ఉంది. సరంగు, ఆయన కుమారుడు అప్పటివరకు మాటలు ఆపి, వల సర్దుకుంటూ నిశ్శబ్దంగా కూర్చున్నారు.

మంగినపూడి, తవిసిపూడి ప్రాంతంలో కొత్త ఓడరేవు పనులు 2023 మే నెలలో మొదలయ్యాయి. మొదటి దశలో నాలుగు బెర్తులు. సముద్రంలోకి రాతి కట్టలు వేసి, అడుగు తవ్వి, ఓడలను ఒడ్డుకే రప్పిస్తారు. శతాబ్దాలుగా మైళ్ళ దూరంలో నిలిచిపోయిన ఓడ బందరు గడప తొక్కడం సంతోషించదగిన విషయం. మన యువకులకు పనులు దొరకాలి. అయితే రాతి కట్ట ఇసుక నడకను అడ్డుకుంటుంది. చెన్నైలో రేవు కట్టిన తరువాత దక్షిణాన మెరీనా విశాలమైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. ఇక్కడ ఏ పల్లె వైపు మేట వేస్తుందో, ఏ పల్లె వైపు కోస్తుందో ముందుగా చూసుకోవలసిన బాధ్యత కట్టేవారిదే.

దీని గురించి సరంగును అడిగాము. "పెద్ద ఓడలు రానివ్వండి, మంచిదే. మా పడవ వెళ్ళే దారి మూయకుంటే చాలు" అన్నాడు. తన కుమారుడు ఫోనులో లోతు చూసుకుంటాడని, గుండు తాడు పట్టుకోవడం నేర్చుకోలేదని కూడా చెప్పాడు. ఆ యువకుడు నవ్వి ఊరుకున్నాడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో ఇంటి వద్దే ఉంటాడు కదా, అప్పుడు నేర్పమని హాఫిజ్ సాబ్ సరంగుకు సలహా ఇచ్చారు. విద్య అమానత్, దానిని పొందినవాడు తరువాతివానికి అప్పగించనిదే అతని బాధ్యత తీరదు. ఇది మదరసాకు ఎంత నిజమో మరపడవకూ అంతే నిజం.

బందరు వెళ్ళే పాఠకులు మంగినపూడి బీచ్‌కు తప్పక వెళతారు. పట్నం నుండి పదకొండు కిలోమీటర్లే. అలలను చూసి, బందరు లడ్డూ కొనుక్కుని తిరిగి వస్తారు. వీలైతే ఒక గంట గిలకలదిండిలోనూ ఆగండి. పోటు కోసం ఎదురుచూసే పడవల వద్ద ఒక పెద్ద సరంగును పలకరించి, ఈ సముద్రం అడుగున ఎక్కడ ఇసుక ఉంది, ఎక్కడ బంకమట్టి ఉంది అని అడగండి. పిల్లలు వెంట ఉంటే ఆ జవాబును వారినీ విననివ్వండి.