ఫ్రిజ్ మీద అక్టోబరు

2023 అక్టోబరు మొదటి ఆదివారం పొద్దున కాఫీ కలుపుకుంటూ ఫ్రిజ్ వైపు చూశాను. ఇండియన్ గ్రోసరీ వాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంటుంది. అందులో నేను ముందే రెండు తేదీలకి ఎర్ర సున్నా చుట్టుకున్నాను. 22, సద్దుల బతుకమ్మ. పేజీ తిప్పితే నవంబరు 1, మా పెద్దాడి కాలేజీ అప్లికేషన్లకి గడువు. ఆ రోజు చూస్తే పేజీ నిండా నీలం సిరా. 5, 10, 17, 20, 27. ఒక్క 20 కింద మాత్రం రెండు గీతలు.

"ఏంట్రా ఇవి, పరీక్షలా?" అనడిగాను.

"గేమ్స్ అమ్మా. రిలీజ్ డేట్స్. ఇలాంటి నెల మళ్ళీ రాదు."

వాడప్పుడు హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ఎస్సే గురించి అడిగితే "రాస్తున్నాలే" అనేవాడు ఈ తేదీలు మాత్రం గడగడా అప్పజెప్పాడు. 5న అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్, తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో జరిగే కథ. 10న ఫోర్జా మోటార్‌స్పోర్ట్, కార్ల పందాలు. అది ఎక్స్‌బాక్స్‌ది కాబట్టి ఫ్రెండ్ ఇంట్లో ఆడుకుంటాడట. 17న సోనిక్ సూపర్‌స్టార్స్. 20న ప్లేస్టేషన్ 5కి స్పైడర్‌మ్యాన్ 2, అదే రోజు నింటెండో స్విచ్‌కి సూపర్ మారియో బ్రదర్స్ వండర్. 27న అలన్ వేక్ 2.

"అన్నీ ఒకే నెలలో ఎందుకు తగలడ్డాయి?" అన్నాను.

"థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ కొనుగోళ్ళకి ముందే షాపుల్లో ఉండాలి కదమ్మా. అలన్ వేక్ అయితే 17నే రావాలి. ఈ రద్దీ చూసి వాళ్ళే పది రోజులు వెనక్కి జరిగారు."

పక్క గదిలోంచి మావారు, "మన సంక్రాంతి లాగే" అన్నారు. ఆ ఏడాది సంక్రాంతికి వీరసింహారెడ్డి 12న, వాల్తేరు వీరయ్య 13న వచ్చాయి. రెండూ ఒకే నిర్మాణ సంస్థవి. ఆ రెంటినీ ఆయన వరుసగా రెండు రాత్రులు చూసొచ్చారు. పైగా ఈ అక్టోబరు 19న భగవంత్ కేసరి వస్తోందని, మా ఊళ్ళో 18 రాత్రే ప్రీమియర్ ఉందని అప్పటికే టికెట్టు కొనేసుకున్నారు.

అక్కడే నేను దొరికిపోయాను. "డెబ్భై డాలర్లు పెట్టి మొదటి రోజే కొనకపోతే ఏమవుతుంది, నాలుగు నెలలాగితే తగ్గదా?" అన్నాను. వాడు వాళ్ళ నాన్న వైపు చూసి, "నాన్న సినిమా కూడా నాలుగు నెలలకి ఇంట్లో టీవీలో వస్తుంది కదమ్మా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ జవాబూ దొరకలేదు. సోమవారం స్కూల్లో అందరూ మాట్లాడుకునేటప్పుడు తనకి కథ తెలియకుండా కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. ఈయనకీ అంతే, వాట్సాప్ గ్రూపులో ఎవరో క్లైమాక్స్ చెప్పేస్తారని భయం.

మొత్తానికి ఇంట్లో పంచాయతీ పెట్టాం. పెద్దాడికి ఒకటి, ఎనిమిదేళ్ళ చిన్నదానికి ఒకటి. పెద్దాడు స్పైడర్‌మ్యాన్ అన్నాడు, చిన్నది మారియో అంది. ఒకటి 69.99, ఇంకొకటి 59.99. మా టెక్సాస్ టాక్సుతో కలిపి 140 డాలర్లు దాటింది. సగం డబ్బు పెద్దాడే, ఎండాకాలంలో పిల్లలకి ఈత నేర్పి సంపాదించుకున్న దాంట్లోంచి ఇచ్చాడు.

ఆ వారంలో నేను నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. గేము డబ్బా ముందువైపు కింది మూలలో ఒక అక్షరం ఉంటుంది. ఈ అంటే అందరూ ఆడొచ్చు, టి అంటే పదమూడేళ్ళు దాటినవాళ్ళకి, ఎం అంటే పదిహేడు దాటినవాళ్ళకి. మారియో ఈ, స్పైడర్‌మ్యాన్ టి, అలన్ వేక్ ఎం. కాబట్టి చిన్నది మెలకువగా ఉండగా హాల్లో ఏది ఆడొచ్చో డబ్బానే చెప్పేస్తుంది. వీలైతే డిస్కు కొనండి, ఆడేశాక ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్నది అలా కుదరదు. మిగతా కంపెనీల గేములు కొన్ని నెలలాగితే ధర దిగుతాయి, నింటెండో వాళ్ళ మారియోలు మాత్రం ఏళ్ళ తరబడి దాదాపు అదే ధరలో ఉంటాయి. ఇంకోటి, స్పైడర్‌మ్యాన్ 2కి దాదాపు వంద జీబీ చోటు కావాలి. దానికోసం మావాడు పాత గేములు మూడు తీసేశాడు. అలమరా సర్దమంటే సర్దనివాడు!

కొనడానికి ఒప్పుకున్నాను కానీ ఒక షరతు పెట్టాను. ఎస్సే పూర్తయ్యేదాకా డబ్బా విప్పేది లేదు. వాడు "సరే" అన్నాడు. వాదించలేదు. అదే నాకు ఎక్కువ బెంగ పెట్టింది.

ఎస్సే అంటే 650 మాటలు, అంతకు మించి రాయకూడదు. నాలుగు నెలలుగా అది కదలడం లేదు. ఏం రాయాలో ఎండాకాలంలో నేనే చెప్పాను. వరంగల్ పక్క పల్లెలో మా నాన్న సైకిల్ మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి చదువుకోవడం, ఆ తర్వాత మేం రెండు సూట్‌కేసులతో ఈ దేశం రావడం. వాడు రెండు పేరాలు రాశాడు, చదివితే బాగానే ఉంది. మూడో పేరా రావడం లేదు. ఇదంతా గేముల ధ్యాసేనని నేను తీర్మానించేశాను.

20వ తేదీ శుక్రవారం రెండు డబ్బాలూ వచ్చాయి. చిన్నదానిది చిన్నదానికిచ్చి, పెద్దాడిది బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. వేశాక ఆ తాళంచెవి చేతిలో పట్టుకుని కాసేపు మంచం మీద కూర్చుండిపోయాను.

1996లో ఇంటర్ పరీక్షలప్పుడు మా అమ్మ సరిగ్గా ఇదే పని చేసింది. మా టీవీకి చెక్క తలుపులుండేవి. వాటికి తాళం వేసి, చెవి కందిపప్పు డబ్బాలో దాచింది. మార్చి 13న కోల్‌కతాలో శ్రీలంకతో ప్రపంచ కప్ సెమీఫైనల్. ఫిజిక్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పక్కింటి గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. సచిన్ అవుటయ్యాక ఆ ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. వికెట్లు టపటపా పడుతున్నాయని ఆ నిశ్శబ్దంలోనే అర్థమైంది. చివరికి జనం గొడవతో ఆట ఆపేసి శ్రీలంక గెలిచిందన్నారు. ఆ రాత్రి నేను చదివిన ఫిజిక్సు ఒక్క ముక్క లేదు. మ్యాచ్ చూడనిచ్చినా చదివేదాన్ని కాదేమో. కానీ అమ్మ మీద కోపం మాత్రం ఉండేది కాదు.

లేచి బీరువా తీసి డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టాను. "ఆదివారం బతుకమ్మ దాకా ఆడుకో. సోమవారం మాట్లాడుకుందాం" అన్నాను. వాడు డబ్బా వైపు కాదు, నా వైపు చూశాడు.

శనివారం మధ్యాహ్నం నేను సోఫాలో కూర్చుని బంతులూ చామంతులూ కాడలు తుంచుతున్నాను. తంగేడు, గునుగు ఇక్కడ మాకు దొరకవు, ఉన్నవాటితోనే పేర్చుకోవాలి. వాడు పక్కన కూర్చుని ఆడుతున్నాడు. ఇందులో ఇద్దరు స్పైడర్‌మ్యాన్లు. పెద్దవాడు పీటర్, వాళ్ళ మే పిన్ని పోయాక ఆమె ఇంటి అప్పు కట్టలేక అవస్థ పడుతుంటాడు. చిన్నవాడు మైల్స్, వాడికి కాలేజీ అప్లికేషన్ ఎస్సే రాయడం రావడం లేదు. ఊరంతటినీ కాపాడతాడు కానీ ఖాళీ పేజీ ముందు కూర్చుంటే మాట కదలదు. వాళ్ళమ్మ రియో ఎస్సే ఎంతవరకు వచ్చిందని అడుగుతూనే ఉంటుంది.

మావాడు ఆట ఆపేసి పగలబడి నవ్వాడు. "అమ్మా, నిన్ను గేములో పెట్టారు!"

నేనూ నవ్వాను. "పాపం, ఆవిడకేం తప్పు? గడువు దగ్గర పడుతోందిగా" అన్నాను.

నవ్వు తగ్గాక, తెరవైపే చూస్తూ అన్నాడు. "అమ్మా, తాతయ్య సైకిలు గురించి నాకు మూడో పేరా రాదు. నేను తాతయ్యని మూడుసార్లే చూశాను. అది నీ ఎస్సే అమ్మా."

చేతిలో చామంతి అలాగే ఉండిపోయింది. ఏదో అందామనుకున్నాను. మా నాన్న గురించి వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదని మనసుకి తెలుస్తూనే ఉంది, అయినా గుండె కలుక్కుమంది. కాసేపటికి, "మరి నీదేంటో అది రాయి" అన్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు.

ఆదివారం గుళ్ళో బతుకమ్మ ఆడి, సత్తుపిండి, మలీద పంచిపెట్టి ఇంటికొచ్చేసరికి పది దాటింది. అన్నాచెల్లెళ్ళు మారియో ముందు కూర్చున్నారు. నన్నూ లాగారు. నాకు నాబిట్ అనే బొమ్మనిచ్చారు. దానికీ, యోషీలకీ శత్రువు తగిలినా ఏం కాదు, గోతిలో పడితేనే ప్రాణం పోతుంది. కొత్తగా ఆడేవాళ్ళ కోసం అలా పెట్టారట. మారియో ఒక పండు తిని ఏనుగైపోతాడు, అది చూసి చిన్నది ప్రతిసారీ కేకలే. నేను ప్రతి గోతిలోనూ పడ్డాను. పడ్డప్పుడల్లా దెయ్యమై గాల్లో తేలుతుంటే పెద్దాడు వెనక్కి పరిగెత్తుకొచ్చి ముట్టుకుని బతికించాడు. చిన్నది యోషీ వీపెక్కి గోతులన్నీ దాటేసింది.

ఆ వారం వాడు రాసింది దీని గురించే. చెల్లికి ఈత, లెక్కలు, గేములు నేర్పేటప్పుడు తను ఎంత తొందరపడేవాడో, తొందరపడితే ఆ పిల్ల ఎలా వదిలేసి వెళ్ళిపోయేదో, వెనక్కి వెళ్ళి నిలబడడం ఎప్పుడు నేర్చుకున్నాడో రాశాడు. 640 మాటలు. అందులో ఒక వాక్యంలో వాళ్ళమ్మ గోతిలో పడింది. తాతయ్య లేడు. గడువుకి రెండు రోజుల ముందే పంపేశాడు. నేను చదివానంతే, ఒక్క మాట దిద్దలేదు.

ఆ తర్వాతి ఏడాది ఆగస్టులో వాడిని యూనివర్సిటీలో దింపి వచ్చాం. ప్లేస్టేషన్ వాడితో వెళ్ళింది, స్విచ్ ఇంట్లో ఉంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రి, "తాతయ్య సైకిలు సంగతి చెప్పమ్మా" అని వాడే అడిగాడు. రెండింటిదాకా చెప్పాను.

వాడు వెళ్ళిన ఏడాది అక్టోబరు పేజీ తిప్పినప్పుడు ఫ్రిజ్ మీద నీలం సిరా లేదు. బతుకమ్మకి ఎర్ర సున్నా ఒక్కటే ఉంది. నాలుగు రోజులు ఆ ఖాళీ గళ్ళు చూడలేక అటు తలతిప్పకుండానే పాలు తీసుకున్నాను. అయిదో రోజు చూస్తే 17 చుట్టూ ఆకుపచ్చ పెన్సిలుతో వంకరటింకర సున్నా.

"అది సూపర్ మారియో పార్టీ జాంబొరీ అమ్మా. అన్న చెప్పాడు" అంది చిన్నది, బూట్లు వేసుకుంటూ.

"ఎంతే?" అన్నాను.

"అరవై. కానీ నువ్వు కూడా ఆడొచ్చు."

ఆ సాయంత్రమే ఆర్డర్ పెట్టాను.