పక్కవాద్యగాడి పాట

ఒక మనిషి నలభై యేండ్లు చేసిన పనిలోనుంచి పదహారు ముక్కలు ఏరి, వరుసగా పేర్చి, "ఇదిగో, ఇతడే అతడు" అని మన చేతిలో పెట్టడం చిన్న సాహసం కాదు. కవుల విషయంలో ఈ సాహసం ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. ఆ కవి బ్రతికియుంటే సంకలనం తిరగవేసి, తనకు ప్రియమైన పద్యం ఎక్కడ అని వెదకుకొని, కనబడక నిట్టూర్చి పుస్తకం మూసివేస్తాడు. పాటగాళ్ళ విషయంలో ఏరేవాడు సాధారణంగా అంగడి. ఏది ఎక్కువ అమ్ముడుపోయిందో అదే ఉత్తమం. లెక్క అంతటితో తేలిపోతుంది. అట్టి సంకలనాలను నేను చాలాకాలం చిన్నచూపు చూశాను. నా అభిప్రాయం మార్చినది ఒక కాసెట్టు. అంతకంటె నిజం చెప్పాలంటే, ఆ కాసెట్టు విన్న మా అన్నగారు.

1999 శీతకాలంలో మా అన్నగారి అబ్బాయి దానిని పార్క్ స్ట్రీట్‌లో కొని శ్యామ్‌బజార్‌లోని మా ఇంటికి తెచ్చాడు. దానికి అంతకు ముందటి సంవత్సరం, 1998లో, ఇంగ్లండులో వెలువడిన సంకలనం మూలం. పేరు 'హిట్స్', అంతకంటె సాదా పేరు ఉండబోదు. గాయకుడు ఫిల్ కాలిన్స్. అప్పటికి నేను సంగీతాన్ని గురించి పత్రికలలో వ్రాస్తున్నవాడిని. కనుక ఏ సంగీతం వినదగినదో నాకు ముందే తెలుసు. నేను పెదవి విరిచాను. దాదా మాత్రం తబలాకు హాతుడీ వేస్తూ తలయెత్తకుండానే, "ఎన్ని పాటలున్నాయిరా?" అని కొడుకును అడిగాడు.

"పదహారు, బాబా."

"అయితే తీన్‌తాళమన్నమాట. పెట్టు, విందాం."

మా అన్నగారు తబలా వాయించేవాడు. నలభై యేండ్లపాటు కలకత్తాలో ఎందరో గాయకులకు ఎడమప్రక్కనో కుడిప్రక్కనో కూర్చుని ఠేకా పట్టాడు. సభ ముగిసిన తరువాత ఇండ్లకు వెళ్ళే శ్రోతలు గాయకుని గురించి మాట్లాడుకుంటూ వెళ్ళేవారు. మరునాటి పత్రికలో చివరి వాక్యం తబలాకు దక్కేది. కొన్ని మార్లు ఆ వాక్యం వ్రాసినవాడిని నేనే. ఆ పాటలలో రెండు గడిచేసరికే దాదా, "ఇతను గాయకుడు కాదు, వాయించేవాడు" అన్నాడు. మాట పడే చోటును బట్టి అతనికి తెలిసిపోయిందట. గొంతుతో పెరిగినవాడు స్వరాన్ని పట్టుకొని నడుస్తాడు. చేతితో పెరిగినవాడు కాలాన్ని పట్టుకొని నడుస్తాడు. నేను నమ్మలేదు. తరువాత చదివి చూస్తే ఆయన మాటే నిజమైంది.

కాలిన్స్ 1951లో లండనులో పుట్టాడు. ఐదేండ్ల వయస్సులో ఆటబొమ్మ డ్రమ్ములు బహుమానంగా దొరికాయి. అవే అతని బడి. 1970లో 'జెనిసిస్' అనే బృందం డ్రమ్ములవానికోసం వెదకుతున్నప్పుడు పరీక్షకు వెళ్ళాడు. అది ఆ బృందపు గాయకుడైన పీటర్ గేబ్రియల్ తల్లిదండ్రుల ఇల్లు. వేళకంటె ముందుగా వచ్చినందున, కాసేపు కొలనులో ఈదుతూ ఉండమన్నారు. నీటిలో తేలుతూనే అతడు లోపల ఇతరులు వాయిస్తున్నది చెవియొగ్గి విన్నాడు. తన వంతు వచ్చేసరికి ఆ భాగాలన్నీ కంఠస్థమైపోయాయి. దాదాకు ఈ కథ చెప్పినప్పుడు ఆయన మోకాలిమీద చరిచి నవ్వాడు. పక్కవాద్యగాడి విద్య అంతా అందులోనే ఉంది కదా! ముందు వినడం, తరువాత వాయించడం.

1975లో గేబ్రియల్ బృందాన్ని విడిచి వెళ్ళాడు. గాయకునికోసం ఎందరెందరినో పరీక్షించారు. వచ్చినవారికి పాట నేర్పే పని డ్రమ్ములవానిదే అయింది. నేర్పగా నేర్పగా, నేర్పుతున్నవాడే బాగా పాడుతున్నాడని తక్కినవారికి తోచింది. ఆ విధంగా 1976లో వెలువడిన సంపుటంలో అతడు ప్రధాన గాయకుడయ్యాడు. చదివినప్పుడు నాకు అంతగా పట్టని వివరం ఒకటి ఇక్కడ ఉంది. పాడడానికి ముందుకు వచ్చిననాడు అతడు విడిచివచ్చిన ఆసనం ఖాళీగా ఉండలేదు. ఆ సంవత్సరం యాత్రలో బిల్ బ్రూఫర్డ్ అనే దిట్ట అక్కడ కూర్చున్నాడు. 1977 నుంచి చెస్టర్ థాంప్సన్ కూర్చున్నాడు. పాట లేని భాగం రాగానే కాలిన్స్ వెనుకకు పోయి తన డ్రమ్ముల దగ్గర కూర్చునేవాడు. ఇద్దరూ కలిసి వాయించేవారు. ఈ వివరాన్ని పాఠకుడు గుర్తుంచుకోవాలని కోరుతాను. నేను దీని దగ్గరకు మళ్ళీ రావాలి.

దానికి ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1974లో, దుర్గాపూజ దినాలలో, మా ఇంటి మేడమీద బంధుమిత్రులు చేరిన ఒక రాత్రి, దాదా ఎన్నడూ లేనిది, తబలా ప్రక్కకు జరిపి ఒక ఠుమ్రీ ఎత్తుకున్నాడు. అతనికప్పుడు ముప్పై యేండ్లు. గొంతు మంచిదే, కాని రెండవ పంక్తి దగ్గర తడబడింది. నేను నవ్వాను. "దాదా, తబలావాడు తబలా వాయించుకోవాలి" అన్నాను. అందరూ నవ్వారు, అతడూ నవ్వాడు. ఆ తరువాత అతడు పాడగా నేను వినలేదు. అదేమీ పెద్ద సంఘటన కాదని ఇరవై యేండ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ కాసెట్టు మ్రోగినప్పుడు మాత్రం, నేను పాటలను విమర్శిస్తూ, ఆయన ముఖంవైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను.

ఇక సంకలనం సంగతి. అందులో కాలక్రమం లేదు. మొదటి పాట 1989 నాటిది. 1981 నాటి మొట్టమొదటి పాట చివరనెక్కడో ఉంది. జెనిసిస్ పాట ఒక్కటీ లేదు. ఒక సంకలనాన్ని బట్టి మనిషిని అంచనా కట్టేవాడు, ఇతడు పుట్టుకతోనే గాయకుడని భ్రమపడతాడు. పదహారింటిలో నాలుగు ఇతరులు కట్టిన పాటలు. వాటిలో 'యూ కాంట్ హరీ లవ్' అమెరికాలో సుప్రీమ్స్ అనే నల్లజాతి స్త్రీల బృందం 1966లో పాడినది; ఇతడు 1982లో మళ్ళీ పాడాడు. దానిని కట్టిన ముగ్గురిలో లామాంట్ డోజియర్ ఒకడు. ఆరేండ్ల తరువాత అదే డోజియర్‌తో కలిసి కాలిన్స్ 'టూ హార్ట్స్' కట్టాడు. అదీ ఈ సంకలనంలో ఉంది. అభిమానిగా మొదలుపెట్టి సహచరుడుగా మారిన కథ ఈ రెండు పాటల నడుమ దాగి ఉంది. కాని వాటి నడుమ గడిచిన కాలాన్ని కాసెట్టు వరుస చెప్పదు.

'సుసూడియో' అనే పాట ఒకటుంది. ఆ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. తాళపు యంత్రం మ్రోగుతుండగా నోటికి వచ్చిన శబ్దం అది. దానికి బదులు సార్థకమైన మాట వెదకాడు. ఏదీ ఆ చోట అంత చక్కగా ఇమడలేదు. చివరకు దానినే ఉంచాడు. విమర్శకులు పరిహసించారు. నేనూ ఆ పంక్తిలోనివాడినే. దాదా ఆశ్చర్యంగా నావైపు చూసి, "ధా ధిన్ ధిన్ ధాకు అర్థమేమిటి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

అతడు ఎక్కువసార్లు కోరి విన్నది 'ఇన్ ది ఎయిర్ టునైట్'. మొదటి భార్యతో కాపురం విచ్ఛిన్నమైన దినాలలో కట్టిన పాట అది. చిన్న తాళపు యంత్రం ఒకటి అడుగున నడుస్తూ ఉంటుంది; పైన గొంతు. అసలైన డ్రమ్ములు లేవు. నిమిషం గడుస్తుంది, రెండు గడుస్తాయి, మూడు గడుస్తాయి. లోకంలోని పేరుమోసిన డ్రమ్ములవాడు తన పాటలో తాను వాయించకుండా కూర్చున్నాడు. మూడున్నర నిమిషాలు దాటిన తరువాత, తలుపు బ్రద్దలైనట్లు, ఆ దెబ్బలు పడతాయి. ఆ మ్రోతకు వెనుక కూడా ఒక కథ ఉంది. గేబ్రియల్ మూడవ సంపుటానికి కాలిన్స్ లండనులోని టౌన్‌హౌస్ స్టూడియోలో వాయిస్తున్నప్పుడు, వాద్యకారుల మాటలు వినేందుకు గదిలో వ్రేలాడదీసిన మైకులోనుంచి ఆ శబ్దం పొరపాటుగా వచ్చింది. మెల్లని మాట కూడా వినబడాలని, చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని అణచే ఏర్పాటు ఆ మైకుకు ఉంది. దానిలో డ్రమ్ము దెబ్బ ఉబ్బి గదినంతా నింపింది. ఇంజనీరు హ్యూ పాడ్‌గమ్ దానిని ఒక ద్వారం వంటి పరికరంగుండా పంపి, మ్రోత సహజంగా సన్నగిల్లకముందే త్రుంచివేశాడు. మన తబలాలో ఎడమచేతి దగ్గా మీది దెబ్బ మెల్లగా జారుతూ, మూలుగుతూ అంతమవుతుంది. ఇక్కడ దానికి అంతమనేదే లేదు. ఉన్నది హఠాత్తుగా లేకుండా పోతుంది. ఎనభైలలో ఆ శబ్దాన్ని అనుకరించని బృందం అరుదు.

"ఎంత సేపు ఆగాడు!" అనేవాడు దాదా ప్రతిసారీ. వాయించిన దానికంటె ఆగిన దానికే ఎక్కువ ముచ్చటపడేవాడు.

మొదటి పాటను గురించి మా ఇద్దరికీ వాదం ఉండేది. 'అనదర్ డే ఇన్ పారడైజ్' ఇల్లులేని స్త్రీని చూసి ముఖం త్రిప్పుకొని పోయే బాటసారి పాట. కోటీశ్వరుడు దారిద్ర్యాన్ని గురించి పాడడమేమిటని ఆ దేశంలోనే కొందరు ఆక్షేపించారు. నేను ఆ ఆక్షేపణను బలపరిచాను. దాదా వాదించలేదు. "నువ్వు సియాల్దా స్టేషను బయట రోజూ ఏ ప్రక్కగా నడుస్తావు?" అని మాత్రం అడిగాడు. నేను నడిచే ప్రక్క ఏదో ఆయనకు తెలుసు.

కాలిన్స్‌కు 2000లో ఒక చెవి హఠాత్తుగా వినికిడి కోల్పోయింది. 2007 నాటి జెనిసిస్ పునస్సమాగమ యాత్రలో మెడవెన్ను దెబ్బతిన్నది. శస్త్రచికిత్స జరిగినా చేతులకు పట్టు తిరిగి రాలేదు. 2010లో వెలువడిన సంపుటానికి డ్రమ్ము పుల్లలను చేతికి కట్టుకొని వాయించాడు. 2017లో మళ్ళీ వేదిక ఎక్కినప్పుడు కుర్చీలో కూర్చుని పాడాడు. వెనుక డ్రమ్ముల దగ్గర కూర్చున్నది పదహారేండ్ల కొడుకు నికొలస్. 2022 మార్చి 26న లండనులో జెనిసిస్ చివరి కచేరీ కూడా ఆ విధంగానే జరిగింది. 2024లో అతనిని గురించి వచ్చిన వార్తాచిత్రం పేరు 'డ్రమ్మర్ ఫస్ట్'. సంకలనం దాచినదానిని ఆ పేరు బయటపెట్టింది.

మా దాదాకు 2011లో పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, మాట నిలిచింది, ఎడమచేయి పోయింది. దగ్గా మూలబడింది. కుడి తబలా ఒక్కటీ ముందు పెట్టుకొని కొన్నాళ్ళు కూర్చునేవాడు. ఆ తరువాత అదీ మానివేశాడు. కొడుకు బెంగుళూరులో ఇంజనీరు, తబలా నేర్చుకోలేదు. ఈ కథలో నికొలస్ లేడు.

లండనులో జరిగిన ఆ చివరి కచేరీ దృశ్యాలను ఒక సాయంకాలం నేను ఫోనులో ఆయనకు చూపించాను. తెల్లబడిన ఆ మనిషి కుర్చీలో ఒదిగి కూర్చుని పాడుతున్నాడు. గొంతు దిగిపోయింది. దాదా మాట్లాడకుండా చూశాడు. అప్పుడు నలభై యెనిమిదేండ్లుగా నోట దాచుకున్న మాట నేను అనేశాను.

"దాదా, ఆనాడు మేడమీద నేను నవ్వి ఉండవలసింది కాదు."

ఆయనకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. మరచిపోయి ఉంటాడేమోనన్న నా ఆశ అంతటితో తీరింది.

"నీ నవ్వుకేముందిరా?" అన్నాడు. "పాట ఎత్తుకోగానే నా చేతులు ఠేకాకోసం వెదికాయి. వాయించేవాడు లేడు. నలభైమందిలో ఒక్కడైనా తబలా దగ్గరకు జరుగుతాడేమోనని చూశాను. అందుకే రెండవ పంక్తి తప్పింది." కొంచెం ఆగి, ఫోనులోని కుర్రవాని వైపు వ్రేలు చూపాడు. "అతనికి ఎప్పుడూ ఎవడో ఒకడు జరిగి కూర్చున్నాడు."

నాకు తబలా రాదు. ఒక జీవితకాలం సంగీతాన్ని గురించి వ్రాసినవాడిని గదా, పదహారు మాత్రలు లెక్కపెట్టడం వచ్చు. ముందున్న బల్లమీద వ్రేళ్ళతో తీన్‌తాళం వేయడం మొదలుపెట్టాను. మొదటి ఆవర్తం అంతా ఆయన నా వ్రేళ్ళవైపు అనుమానంగా చూశాడు. రెండవ ఆవర్తంలో కుడిచేయి కుర్చీ చేతిమీద కదిలింది. మూడవదానిలో, ఎనభైకి చేరువైన ఆ గొంతు, సన్నగా, అదే ఠుమ్రీని, విడిచిన రెండవ పంక్తి దగ్గరనుంచి ఎత్తుకున్నది.

తొమ్మిదవ మాత్ర దగ్గర ఆయన పాట ఆపి కళ్ళు తెరిచాడు.

"ఖాళీ తప్పావు," అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి వెయ్యి."