చలానాలో లేని పేర్లు

2023 ఆగస్టు 3, గురువారం

ఇవాళ మా మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్. రోడ్డు మీద చెత్త వేసేవాళ్లకు జరిమానా ఎంత పెట్టాలన్న దానిమీదే పొద్దంతా గడిచింది. ఇంటికెంత, దుకాణానికెంత, ఫంక్షన్ హాలుకెంత, రెండోసారి పట్టుబడితే ఎంత... ప్రతిదీ తేల్చాం. తేల్చాల్సిందే. ఆ తర్వాత పారిశుద్ధ్య కార్మికులను పెట్టే ఏజెన్సీ బిల్లు వచ్చింది. అకౌంటెంట్ చదివాడు, నలుగురు బల్లలు చరిచారు, ఆమోదం అయిపోయింది. ఆ చెత్త ఎత్తేవాళ్ల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ అంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది.

పీఎఫ్ కట్టిన కాగితం చూపించమన్నాను. చలానా ముందు పెట్టారు. అందులో మొత్తం అంకె తప్ప ఒక్క మనిషి పేరు లేదు. పేరుపేరునా ఎవరి ఖాతాలో ఎంత పడిందో తెలిసేది ఈసీఆర్‌లో. అది ఏ నెలా ఫైల్లో లేదు. అదే ఏజెన్సీకి వేరే ఊళ్లలోనూ పనులున్నాయి. ఈ చలానా మా ఊరి వాళ్లదేనని ఎవరు చెప్పాలి? నా అభ్యంతరం మినిట్స్‌లో రాయమన్నాను. రాశారు.

ఆగస్టు 5, శనివారం

తెల్లవారుజామున హాజరు పాయింట్ దగ్గరికి పోయాను. చీపురు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దామె అన్నది: "నెలనెలా కోస్తనే ఉన్నరు బిడ్డా, యాడ జమైతున్నయో మాకెర్క లేదు." చాలామందికి తమ పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరే తెలియదు. తెలిసినవాళ్లకూ మెసేజ్ రాదు. ఖాతాకు జోడించిన ఫోన్ నంబర్ ఏజెన్సీ సూపర్‌వైజర్‌ది!

ఆమె కొడుకు చెత్తబండి మీద పనిచేస్తాడు. జూలై చివరి వానల్లో మోరీలు తీసి తీసి జ్వరంతో పడిపోయాడు. ఈఎస్ఐ డిస్పెన్సరీలో చందా లేదన్నారట. మందులు బయట కొన్నారు. ఈఎస్ఐ లెక్క అట్లనే ఉంటుంది. జూలై నుంచి డిసెంబర్ దాకా అందే మేలుకు అంతకుముందు అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టిన చందా ఆధారం. చలికాలంలో ఎగ్గొడితే ఆ దెబ్బ వానాకాలంలో తగులుతుంది. అప్పటికి ఆ బిల్లులన్నీ మేమే ఆమోదించి ఉంటాం.

ఆగస్టు 6, ఆదివారం

కూర్చుని లెక్క వేశాను. 2021లో వచ్చిన జీవో 60 ప్రకారం కార్మికుడి జీతం నెలకు 15,600 రూపాయలు. పీఎఫ్ 15,000 పరిమితి మీద 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 117. కార్మికుడి చేతికి రాకముందే 1,917 పోతోంది. యజమాని వాటాగా ఇంకో 1,800, ఈఎస్ఐకి 507 మున్సిపాలిటీ ఖజానా నుంచే ఏజెన్సీకి వెళ్తున్నాయి. అంటే ఇల్లిల్లూ కట్టిన పన్ను. యజమాని వాటాలో 1,250 పింఛను పథకానికి పోతుంది. రేపు యాభై ఎనిమిది నిండుతున్న మనిషికి ఆ నెలలు లేకపోతే సర్వీసే లేదు.

కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానిదే బాధ్యతని పీఎఫ్ చట్టం చెబుతోంది. ఇక్కడ అసలు యజమాని మున్సిపాలిటీ. కార్మికుడి వాటా కోసుకుని జమ చేయకపోవడం శిక్షాస్మృతి 405వ సెక్షన్ కింద నమ్మకద్రోహ నేరం. చెత్త పడేసినవాడికి జరిమానా రాసిన చేత్తోనే ఈ బిల్లు మీద సంతకం పెట్టడం నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఆగస్టు 19, శనివారం

కమిషనర్ గారిని కలిశాను. బిల్లు ఆపితే జీతాలు ఆగుతాయి మేడం, పండుగలు ముందున్నాయి అన్నారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. జీతం ఆగితే ఆ ఇళ్లలో పొయ్యి వెలగదు. ఏజెన్సీ ధైర్యమంతా అదే. అందుకే చేతికొచ్చే జీతం నేరుగా కార్మికుల ఖాతాల్లో వేయాలని, కమిషన్, పీఎఫ్, ఈఎస్ఐ భాగాలు మాత్రం గత నెల ఈసీఆర్ వచ్చాకే వదలాలని రాసిచ్చాను. శానిటరీ ఇన్‌స్పెక్టర్ మస్టర్‌తో పేర్లు సరిచూసి సంతకం పెట్టాలని కూడా. ఆయన రెండుసార్లు చదివి, అజెండాలో పెడతానన్నారు.

సెప్టెంబర్ 5, మంగళవారం

అజెండాలో పెట్టారు. "ఇది ఆఫీసు పని, మనకెందుకు?" అని ఒక సభ్యుడు లేచారు. డబ్బు మనది, తీర్మానం మనది, పర్యవేక్షణ ఒక్కటి మనది కాకుండా ఎట్లా పోతుంది అన్నాను. ఈసీఆర్ జతచేయాలన్న షరతు, మస్టర్‌తో సరిచూడటం ఆమోదించారు. పీఎఫ్ పడినవాళ్ల పేర్ల జాబితా హాజరు పాయింట్ గోడకు అంటించాలన్న నా ఇంకో మాట మాత్రం పక్కన పెట్టారు. వచ్చే నెల మళ్లీ తెస్తాను. ఎవరి పేరు లేదో ముందుగా కనిపెట్టగలిగేది కార్మికులే కదా.

ఆగస్టు నెల పీఎఫ్ కట్టడానికి గడువు 15. మర్నాడు ఆఫీసుకు పోయి జాబితా అడగాలి. పాత నెలల బాకీ మీద పీఎఫ్ కార్యాలయానికిచ్చే వినతిలో కార్మికుల సంతకాలు ఇంకా కావాలి. ఆధార్ జిరాక్సులు, పాత పే స్లిప్పులు ఉన్నవాళ్లను ఆదివారం మా ఇంటికి రమ్మని శానిటరీ జవాన్‌తో చెప్పించాను. ఫోన్ నంబర్లు మార్పించే పని కూడా ఆరోజే మొదలుపెట్టాలి.