పాలరాయి

మార్బుల్‌ని మనం పాలరాయి అంటాం. పాలలా తెల్లగా ఉంటుందని అన్నమాటే తప్ప దానికీ పాలకీ సంబంధం లేదు. కానీ నిజంగా పాలతోనే చేసిన రాయి ఒకటుంది. దాని పేరు గాలలిత్. గ్రీకులో 'గాలా' అంటే పాలు, 'లిథోస్' అంటే రాయి. మనం పోలికగా వాడుకున్న మాటని జర్మన్లు వస్తువుగా చేసి, దానితో గుండీలు, దువ్వెనలు, అల్లికసూదులు, చివరికి పెన్నులు కూడా చేశారు.

ఈ కథ పలకతో మొదలైంది. హానోవర్‌కి చెందిన విల్‌హెల్మ్ క్రిషె బడిపిల్లల కోసం తెల్ల పలక చెయ్యాలనుకున్నాడు. నల్లగా రాసుకుని, తడిగుడ్డతో తుడిచేసుకునేలా ఉండాలి. పాలలో ఉండే ప్రోటీన్, కేసిన్, పూతగా పూసి చూశాడు. తడి తగలగానే అది నిలవలేదు. బవేరియాలో ఉన్న రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్పిటెలర్ తోడయ్యాక, ఫార్మాల్డిహైడ్‌తో కేసిన్ కొమ్ములా గట్టిపడుతుందని తేలింది. స్పిటెలర్ పెంచుకున్న పిల్లి ఫార్మాల్డిహైడ్ సీసాని పాలగిన్నెలోకి దొర్లించిందనీ, తెల్లారేసరికి పాలు గట్టిపడి ఉన్నాయనీ ఒక ముచ్చట చెబుతారు. పిల్లి సంగతి ఎలా ఉన్నా 1899లో పేటెంటు మాత్రం వచ్చింది.

చేసే పద్ధతి సగం వంటగది, సగం కార్ఖానా. వెన్న తీసిన పాలని రెన్నెట్‌తో విరగ్గొడతారు, మనం పన్నీరుకి నిమ్మకాయ పిండినట్టు. ఆ విరుగుడుని కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. కాస్త నీళ్లు, రంగు కలిపి, వేడి మీద మరలోంచి నొక్కితే కడ్డీలు వస్తాయి. వాటిని ఫార్మాల్డిహైడ్ నీళ్లలో నానేస్తారు. సన్నటివైతే వారాలు, లావువైతే నెలలు పడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక అది మళ్లీ కరగదు, అచ్చులో పొయ్యడానికి లేదు. లేత్ మీద తోలి చెక్కాల్సిందే.

1920ల దాకా పెన్నులంటే ఎక్కువగా నల్లటి ఎబొనైట్. కేసిన్ రంగుని బాగా పట్టుకుంటుంది, అద్దంలా మెరుస్తుంది, సెల్యులాయిడ్‌లా భగ్గున అంటుకోదు. లండన్‌లోని కాన్వే స్టువర్ట్ కంపెనీ దానితో రంగురంగుల పెన్నులు విరివిగా చేసింది. కానీ కేసిన్‌కి దాహం తీరలేదు. ఎంత గట్టిపరిచినా గాల్లో తేమని పీలుస్తుంది, నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఎండినప్పుడు సన్నటి పగుళ్లు వేస్తుంది. సిరా మోయాల్సిన వస్తువుని నీళ్లంటే పడని పదార్థంతో చేశారన్నమాట. అందుకే ఈ పెన్నుల లోపల రబ్బరు తిత్తి ఉంటుంది. సిరా తిత్తిలో, తిత్తి పెన్నులో. పక్కనున్న చిన్న మీట లేపితే తిత్తి నొక్కుకుంటుంది, వదిలితే సిరా పీల్చుకుంటుంది.

ఇవన్నీ నేను ఏడెనిమిదేళ్లుగా పాత పెన్నులు బాగుచేసుకుంటూ తెలుసుకున్నవి. ఉద్యోగం వేరే. ఇది శనివారాల పని. పోయినేడాది డిసెంబరులో మా మేనత్త రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది.

"అమ్మడూ, నాన్న పెన్ను నా దగ్గరుంది కదా. దాన్ని కొత్తదానిలా చేసి పెట్టవే. మా మనవరాలు లాయరుగా ఎన్‌రోల్ అవుతోంది. ఆ రోజు దాని చేతిలో పెట్టాలి."

మా తాతయ్య రాజమండ్రిలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. దావాలు, వకాల్తాలు, అఫిడవిట్లు సాఫు రాయడం ఆయన పని. ప్లీడరు గారు కొత్త పెన్ను కొనుక్కున్నాక పాతది తాతయ్యకి ఇచ్చారట. ఆ ఊళ్లోనే రత్నం గారు స్వదేశీ పెన్నులు చేస్తున్నారు, ఆ పెన్నుని మెచ్చుకుంటూ గాంధీగారు 1935లో ఉత్తరం కూడా రాశారు. ఆ ఊరి గుమాస్తా మాత్రం ఇంగ్లీషు పెన్నుతో రాశాడు. ఇచ్చినదే వాడుకోవాలి కదా, ఎంచుకునేంత జీతం కాదు.

పెన్ను పాత కళ్లజోడు పెట్టెలో వచ్చింది. ఆకుపచ్చ మీద నల్ల చారలు. ఇలాంటిది చేతికొచ్చినప్పుడు మొదట చెయ్యాల్సింది దేనితో చేశారో తేల్చుకోవడం. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడాలి. ఎబొనైట్ అయితే గంధకం వాసన, సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన వస్తుంది. ఇది ఏ వాసనా లేకుండా చల్లగా, నున్నగా ఉంది. టోపీ అంచు దగ్గర గోరింటాకు ఎండి రాలే ముందు పగిలినట్టు సన్నటి గీతల వల. కేసినే. సూది కాల్చి గుచ్చితే మాడిన పాల వాసన వస్తుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఎవరూ ఆ పని చెయ్యకండి. పెన్నుకి చిల్లు మిగులుతుంది. ఒకవేళ అది సెల్యులాయిడ్ అయితే మంటే మిగులుతుంది.

ఇక వైద్యం. మామూలు పెన్ను అయితే రాత్రంతా నీళ్లలో వేసి పడుకుంటాం. కేసిన్‌కి ఆ సుఖం లేదు. నిబ్బు ఉన్న ముక్కని ఒంటి నుంచి విడదియ్యాలంటే పొడి వేడే దిక్కు. హెయిర్ డ్రయ్యర్‌ని దూరంగా పట్టుకుని, పెన్నుని తిప్పుతూ, మన వేళ్లు ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే. లోపల తిత్తి ఎండు మిరపకాయలా గలగలలాడుతూ రాలింది. కొత్త తిత్తిని షెల్లాక్‌తో అంటించాలి. షెల్లాక్ అంటే వేరే ఏదో కాదు, మన లక్కే. లాడ్ బజార్‌లో గాజులకి వాడేది, పార్సిల్ మీద సీలు వేసేది. వేడి చేస్తే వదులుతుంది కాబట్టి రేపు ఇంకొకరు మళ్లీ విప్పుకోగలరు. సూపర్ గ్లూ వేస్తే ఆ రేపు ఉండదు. నిబ్బుని, దాని కింద ఉండే ఫీడుని పూర్తిగా విడదీశాక, ఆ రెండే నీళ్లలోకి వెళ్లాయి.

పాలిష్ దగ్గర పేచీ వచ్చింది.

పెన్ను అడుగు చివర పళ్లగుర్తులున్నాయి. ఒకటీ రెండూ కాదు, చుట్టూతా. నోటి తడి తగిలితే కేసిన్ కాస్త మెత్తబడుతుంది, కొరికితే దిగుతుంది. తాతయ్య రాస్తూ రాస్తూ ఆగి, పెన్ను చివర కొరుకుతూ ఆలోచించేవాడని నాన్న చెప్పేవాడు. నేను ఆయన్ని చూడలేదు. ఫోటో కూడా ఒక్కటే ఉంది, పెళ్లి గ్రూపు ఫోటోలో మూడో వరసలో, సగం మొహం. వకాల్తాల్లో ఉన్న చేతిరాత ఆయనదే అయినా మాటలు ప్లీడరు గారివి. ఆయన సొంతంగా వదిలింది ఏదైనా ఉంటే అది ఈ గుర్తులే అనిపించింది. అత్తకి ఫోన్ చేసి, టోపీ మెరిపిస్తాను, ఒళ్లు తుడుస్తాను, చివర మాత్రం ముట్టుకోనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"నీకది ముచ్చటే. మాకు కాదమ్మా. ఆయన పెన్ను నోట్లో పెట్టుకున్నాడంటే నెలాఖరు లెక్కలన్నమాట. మేం నలుగురం పుస్తకాలు మూసి వంటింట్లోకి పోయేవాళ్లం. అమ్మ గిన్నె కూడా చప్పుడు చేసేది కాదు. నా ఎస్సెల్సీ అయ్యాక కాలేజీకి పంపుతాడేమోనని గుమ్మం పక్కన నించుని చూశాను. చాలాసేపు కొరికాడు. తర్వాత మీ నాన్న ఫీజు రాసుకున్నాడు. నాది రాయలేదు."

ఆవిడకిప్పుడు 78 ఏళ్లు. గొంతులో కోపం లేదు. బజారు లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ పెన్ను రాసిన ఫీజుతో చదువుకున్న మనిషి కూతుర్ని నేను. నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు జరిగిన పని అది, అయినా దాని లాభం నా దాకా వచ్చింది.

పాత వస్తువుల మీద ప్రేమున్న వాళ్లం మేమంతా ఒక మాట అంటుంటాం: వాడకం గుర్తుల్ని చెరపకూడదు, అదే వస్తువు చరిత్ర అని. ఆ మాట మీద నాకిప్పటికీ నమ్మకముంది. ఊరికే కొత్తగా కనిపించాలని సానబెట్టి, ఒంటి మీద చెక్కిన కంపెనీ పేరు కూడా అరగదీసిన పెన్నులు చాలా చూశాను. కానీ చరిత్ర ఎవరిదో కూడా అడగాలి కదా. మ్యూజియంలో పెట్టే వస్తువైతే ఆ గుర్తులు అందరివీ. ఇది ఒక ఇంట్లో, ఒక గుమ్మం పక్కన నించుని చూసిన పిల్ల చేతికొచ్చిన వస్తువు. మనవరాలి చేతిలో ఏం పెట్టాలో చెప్పే హక్కు ఆ పిల్లదే.

నా వైపు నుంచి చెప్పాల్సిన విషయం ఒకటే మిగిలింది, అది పదార్థం గురించి. "అత్తా, పాలిష్ అంటే పూత కాదు, కోత. గుంట పోవాలంటే దాని చుట్టూ ఉన్నదంతా గుంట లోతుకి దిగాలి. తీసింది మళ్లీ పెట్టలేం. పూర్తిగా పోగొట్టాలంటే చివర పల్చబడి చిట్లొచ్చు."

"అయితే చిట్లకుండా ఎంత పోతే అంత పోగొట్టు" అంది.

డిసెంబరు అవడం మంచిదైంది. గాల్లో తడి తక్కువ. పేరు చెక్కిన చోట టేపు అంటించి పక్కన పెట్టాను. సన్నటి ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, మైక్రోమెష్ గుడ్డలు 1500 నంబరు నుంచి 12000 దాకా, అన్నీ పొడిగానే. నీళ్లు వాడితే పని తొందరగా అవుతుంది గానీ పైపొర ఉబ్బి, ఆరాక మసకబారుతుంది. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు ఇంకా ప్రమాదం, క్షారం కేసిన్‌ని తినేస్తుంది. మరీ జోరుగా రుద్దినా వేడెక్కుతుంది, అందుకని ఐదు నిమిషాలు రుద్దడం, పది నిమిషాలు వదిలెయ్యడం. మూడు శనివారాలు పట్టింది. తెల్లటి పొడి కాగితం మీద రాలుతుంటే కొట్టుపాల పొడిలా ఉంది. చివరికి పాత పంచె ముక్కతో తుడిచాను. నల్ల చారల కింద ఆకుపచ్చ లోతుగా, తడి ఆకులా లేచింది. పళ్లగుర్తుల్లో పైపైవి పోయాయి. లోతుగా దిగినవి రెండు మిగిలాయి, వెలుగులో అటూ ఇటూ తిప్పితే తప్ప కనపడవు. వేలు పెడితే మాత్రం తెలుస్తాయి. టోపీ అంచు పగుళ్లు అలాగే ఉన్నాయి. అవి ఎవరూ తియ్యలేరు, అవి పదార్థం లోపలివి.

సంక్రాంతికి వెళ్లి ఇచ్చాను. అత్త పెన్నుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది, చివర వేలితో తడిమింది. "ఇంకా ఉన్నాయి" అంది. ఉన్నాయన్నాను. "సర్లే, పెన్నైనా బతకాలిగా" అంది.

మనవరాలి కోసం ఒక కాగితం మీద జాగ్రత్తలు రాశాను. సిరా పట్టేటప్పుడు నిబ్బు వరకే ముంచు, పెన్ను ఒళ్లు సీసాలోకి దిగనీకు. వెంటనే పొడిగుడ్డతో తుడువు. కుళాయి కింద పెట్టకు. ఎండ పడే కిటికీలో వద్దు, వానాకాలంలో బీరువా అడుగున కూడా వద్దు. రాయని రోజుల్లో సిరా ఖాళీ చేసి ఉంచు. మీట నెమ్మదిగా ఎత్తు.

అత్త కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది. రాయని రోజుల్లో అన్న చోట వేలు పెట్టి, పెన్ను అడిగింది. మేం సిరా నింపి ఇచ్చాం. ఆ పెన్నుతో తనెప్పుడూ రాయలేదట, ముట్టుకోనిచ్చేవారు కాదట. ఆ వాక్యం కొట్టేసింది. దాని పైన, కొద్దిగా వణుకుతున్న అక్షరాలతో, 'రాయని రోజు ఉంచకు' అని రాసింది. కింద సంతకం పెట్టింది, ఇంటిపేరుతో సహా.