ఉప్పుగాలిలో పాత జీపు

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు కూడా దాటితే కృష్ణమ్మ కడలిలో కలిసే హంసలదీవి. తారురోడ్డు దిగి చేలవైపు, తీరంవైపు మళ్లారంటే జీపు విలువ తెలుస్తుంది. నల్లమట్టి బురదలో, ఇసుకలో మిగతా బళ్లు మొరాయించినా నాలుగు చక్రాలూ లాగే జీపు గట్టెక్కేస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం పుట్టిన బండి ఇది. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో మనదేశంలో బిగించడం మొదలుపెట్టారు. తయారీ తేలిక కాబట్టి పానాల పెట్టె ఉంటే చిన్నచిన్న పనులు ఇంటి పెరట్లోనే చేసుకోవచ్చు. విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

అయితే ఇక్కడ జీపుకి అసలు శత్రువు వయసు కాదు, ఉప్పుగాలి. చాసీ మూలల్లో చేరిన బురద తేమని పట్టి ఉంచుతుంది. దానికి ఉప్పు తోడైతే ఇనుము గుల్లబారిపోతుంది. అందుకే సముద్రం దాకా వెళ్లొచ్చిన రోజే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తుప్పు కనిపిస్తే చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగున మోగితే పర్వాలేదు. ఇనుప బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, రెడాక్సైడు పూసి, ఆరాక రంగు వేస్తే చాలు. పెళ్లలు రాలితే మాత్రం ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించాల్సిందే. చాసీకైతే అనుభవమున్న వెల్డరే కావాలి. పని మొదలెట్టేముందు బ్యాటరీ తీగలు, డీజిల్ ట్యాంకు విప్పించాలి.

లప్పం పెట్టి రంగేస్తే పాత జీపు పెళ్లికొడుకులా మెరుస్తుంది. లోపల తుప్పు తినడం మాత్రం మానదు. సొంతబండి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత 5 ఏళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆ కాగితం కోసమే కాదు, వెనక సీట్లో కూర్చునే పిల్లల కోసమైనా ముందు బండి అడుగుభాగం చూడండి. రంగు సంగతి తర్వాత.