మోకాటి క్రింద ఒక బిందువు

1689 వసంతంలో జపాను కవి మాత్సువో బాషో ఎదో నగరం విడిచి, ఉత్తరదేశపు కొండదారులకు కాలినడకన బయలుదేరాడు. ఆ ఎదోయే నేటి టోక్యో. నలభై దాటిన ప్రాయం. దేహం దృఢమైనదేమీ కాదు. ప్రయాణానికి ముందు చిరిగిన బట్ట కుట్టుకున్నాడు, టోపీకి కొత్త తాడు కట్టుకున్నాడు, మోకాటి క్రింద ఒకచోట మాచిపత్రి జాతి ఆకు కాల్చి సెగ పెట్టుకున్నాడు.

చైనా వైద్యులు ఆ చోటును 'కాలి మూడు లీ' అంటారు. లీ అంటే సుమారు అర కిలోమీటరు. నడవలేక చతికిలబడినవాడు అక్కడ సూదిగాని సెగగాని పెట్టించుకుంటే మరి మూడు లీలు నడవగలడట! ఆక్యుపంక్చర్‌లో అలసటకు నేటికీ ఎంచుకునే స్థానాలలో అదొకటి. ఆ విద్యను మన దేశానికి తెచ్చినవారు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో యుద్ధపీడిత చైనాకు సేవ చేయడానికి వెళ్లిన భారత వైద్య బృందంలో, డాక్టర్ కోట్నీస్‌తో పాటు ఆయన ఒకరు.

ఇప్పుడు ఆ సూదుల కోసం వచ్చేవారిలో దూరపు పరుగులు తీసేవారూ ఉన్నారు. వారికి అది చేయగలిగిందెంత? అలవాటు లేని శ్రమ చేసినప్పుడు కండరాల పోగులలో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. నొప్పి రెండు మూడు రోజులలో ముమ్మరమై, వారంలోపల సాధారణంగా సద్దుమణుగుతుంది. ఖర్చయిన గ్లైకోజెన్ నిల్వ తిండితోనే పూడాలి. సూది ఆ చిరుగులను కుట్టదు. నొప్పినైనా తగ్గిస్తుందా అంటే, పరీక్షల తీర్పు ఏకముఖంగా లేదు. కొన్నింటిలో ఉపశమనం కనిపించింది. కొన్నింటిలో అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ భేదమే కనిపించలేదు.

శిక్షణ పొందిన చేయి, ఒక్కసారి వాడి పారవేసే శుభ్రమైన సూది ఉంటే తీవ్రమైన హాని అరుదు. పైగా, సూదులతో అరగంట కదలక పడుకోవడమే కొందరికి ఆ వారంలో దక్కిన మొదటి విశ్రాంతి కావచ్చు. భయపడవలసింది మరొకదానికి. నొప్పి తగ్గడమే స్వస్థత అనుకుని మరునాడే పరుగుకు దిగితే, మానని కండరం మళ్లీ గాయపడుతుంది. అలసట శత్రువు కాదు. ఆగమని దేహం చెప్పే హితవు.

బాషో నడక మూడు లీలతో ముగియలేదు. నెలల తరబడి సాగింది. అయితే ఆయన దారిలో మిత్రుల ఇళ్లలో రోజుల కొద్దీ ఆగాడు. యామానాకా వేడినీటి బుగ్గల వద్ద విడిది చేశాడు. కాలికి పెట్టుకున్న సెగ ప్రయాణానికి సన్నాహం మాత్రమే. దారి పొడవునా ఆ కాలిని కాపాడినవి మజిలీలు.