తేనెటీగకు అందని తీపి

డాలస్ శివారులో పక్షుల మేత, గూళ్లు, ఫీడర్లు అమ్మే దుకాణంలో నా ఉద్యోగం. వయసు మళ్లిన ఖాతాదారుల ఇళ్లకు వెళ్లి, పెరట్లో ఫీడర్లు కడిగి, నింపి, సరైన చోట వేలాడదీసి రావడం కూడా నా పనే. మార్చిలో హమ్మింగ్‌బర్డ్‌లు మెక్సికో, మధ్య అమెరికాల నుంచి టెక్సస్‌కు తిరిగి వస్తాయి. అప్పుడు ఫీడర్ కొనుక్కెళ్లినవాళ్లే ఆగస్టులో మళ్లీ వస్తారు. తేనెటీగలు, కందిరీగలు ఫీడర్‌ను కమ్మేశాయని, పిట్ట దగ్గరికి రాలేకపోతోందని వాళ్ల బాధ.

ఆగస్టులోనే ఎందుకంటే, ఎండలకు పూలు తగ్గిపోయి తేనెటీగలకు మకరందం దొరకదు. యెల్లోజాకెట్ కందిరీగల గూళ్లు వేసవి చివరికి బాగా పెద్దవవుతాయి. ఆ గూళ్లలోని పిల్లపురుగులు పెద్ద కందిరీగలకు ఒక తియ్యటి ద్రవం అందిస్తుంటాయి. పిల్లలు తగ్గేకొద్దీ ఆ తీపి కరువై, కందిరీగలు బయట వెతుక్కుంటాయి. సరిగ్గా అదే సమయంలో హమ్మింగ్‌బర్డ్‌లు దక్షిణానికి ప్రయాణం కడతాయి. ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్ బరువు సుమారు 3 గ్రాములు. మెక్సికో గల్ఫ్ మీదుగా వెళ్లేవి దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగరాలి. అందుకోసం ముందే ఒంట్లో కొవ్వు నింపుకోవాలి. ఏడాదిలో తిండి అవసరం ఎక్కువగా ఉండే ఆ వారాల్లో పిట్టను ఫీడర్ దగ్గరికి రానివ్వకపోతే ఎలా?

ఎవరింటికి వెళ్లినా ముందుగా ఫీడర్ ఆకారం చూస్తాను. తలకిందులుగా వేలాడే సీసా రకమైతే, ఎండకు లోపలి గాలి వ్యాకోచించి పంచదార నీళ్లను బయటికి నెడుతుంది. కారిన ఒక్కో బొట్టూ ఈగలకు పిలుపే. దాన్ని నీడలోకి మార్చి, అరిగిపోయిన రబ్బరు వాషర్ తీసి కొత్తది వేస్తే కారడం చాలావరకు ఆగుతుంది.

దానికన్నా మంచిది పళ్లెం రకం. పైన మూత, మూతకు రంధ్రాలు, కింద ద్రవం. తేనెటీగ నాలుక పొడవు ఆరేడు మిల్లీమీటర్లే. కందిరీగది ఇంకా పొట్టి. పిట్ట ముక్కే దాదాపు రెండు సెంటీమీటర్లు, దాన్ని దాటి నాలుక ఇంకా ముందుకు చాస్తుంది. ద్రవం రంధ్రానికి ఒక సెంటీమీటరు కిందుంటే పిట్టకు అందుతుంది, ఈగకు అందదు. పళ్లేన్ని అంచుదాకా నింపితే ఈ తేడా పోతుంది. అందుకే సగమే పోసి, తరచూ మార్చమని చెబుతాను.

తర్వాత రంగు. చాలా ఫీడర్ల రంధ్రాల చుట్టూ పసుపు ప్లాస్టిక్ పూలుంటాయి. తేనెటీగలకు పసుపు, నీలం బాగా కనిపిస్తాయి, ఎరుపు కనిపించదు. కార్ల్ వాన్ ఫ్రిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రంగు కాగితాల మీద తేనెటీగలకు తీపి అలవాటు చేసి, 1914లోనే ఈ సంగతి లోకానికి చెప్పాడు. పసుపు పూలు ఊడదీయగలిగితే తీసేస్తాను. లేదంటే పూర్తి ఎరుపు ఫీడర్ తీసుకోమంటాను.

తేనెటీగలు తిండి దొరికిన చోటును నృత్యంతో పట్టులోని మిగతావాటికి తెలియజేస్తాయి. దీన్ని విడమరచి చెప్పినందుకే ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. కాబట్టి ఫీడర్‌ను రెండడుగులు పక్కకు జరిపితే అవి వెంటనే కనుక్కుంటాయి. పొద్దుగూకాక దాన్ని దించి, ఒకట్రెండు రోజులు లోపల ఉంచి, పెరటి అవతలి కొసన నీడలో పెట్టడం మేలు. ఆ రెండు రోజులు పిట్టలు పూల మీద, చిన్న పురుగుల మీద గడుపుతాయి.

వేసవిలో ఇక్కడ ఉంటున్న పిల్లల దగ్గరికి మన తెలుగు ఊళ్ల నుంచి పెద్దవాళ్లు వస్తారు. ఓ ఇంట్లో ఒక పెద్దావిడ, "పంచదార ఎందుకు బాబూ, ఇంట్లో మంచి తేనె ఉందిగా, లేకపోతే బెల్లం నీళ్లు పోద్దాం" అన్నారు. "వద్దమ్మగారూ. తేనె నీళ్లు త్వరగా పులిసి బూజు పడతాయి, పిట్టకు జబ్బు చేస్తుంది. పైగా ఎక్కడో కొన్న తేనెలో తేనెటీగల పిల్లల్ని చంపే క్రిములు ఉండొచ్చు. ఆ తేనె తాగిన ఈగలు వాటిని తమ పట్టుకు మోసుకెళ్తాయి. బెల్లంలో ఇనుము ఎక్కువ, అది ఈ పిట్టకు పడదు" అని చెప్పాను. తెల్ల పంచదార ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు, అంతే. ఎర్ర రంగు కలపనక్కర్లేదు. ఈగల బెడద ఉన్న వారాల్లో నీళ్లు ఐదు వంతులు చేయొచ్చు, ఎందుకంటే తేనెటీగలు చిక్కటి తీపినే కోరుకుంటాయి. ఎండాకాలంలో రెండు రోజులకోసారి ఫీడర్ కడగాలి.

ఆవిడ తమ ఊళ్లో మందారాల మీద వాలే తేనెపిట్టను గుర్తు చేసుకున్నారు. అది వేరే కుటుంబం, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. కానీ మందారం కుటుంబానికే చెందిన టర్క్స్ క్యాప్ అనే మొక్క టెక్సస్‌లో సహజంగా పెరుగుతుంది. పూర్తిగా విచ్చుకోని ఆ ఎర్రపూలు హమ్మింగ్‌బర్డ్‌కు ఎంతో ఇష్టం, వేసవి చివర్లో కూడా పూస్తాయి. ఆవిడ చేత ఒక మొక్క నాటించాను.

ఖాతాదారులు అడిగే రెండు పనులు మాత్రం నేను చేయను. రంధ్రాల చుట్టూ నూనె, వాజిలిన్ పూయను. అవి ఈకలకు అంటుకుంటే పిట్ట ఎగరలేదు. చీమలకైతే ఫీడర్ పైన నీళ్లు పోసే చిన్న గిన్నె దొరుకుతుంది, అది చాలు. రెండోది పురుగుమందు కొట్టడం. హమ్మింగ్‌బర్డ్ చిన్న పురుగుల్ని, సాలీళ్లను కూడా తింటుంది. తన గూడు అల్లుకోవడానికి సాలెగూడు దారం కూడా వాడుతుంది. మందు కొడితే తేనెటీగతో పాటు పిట్ట తిండీ, గూడూ పోతాయి. గుమ్మం పక్కన కందిరీగలు గూడు పెట్టి మనుషుల్ని కుడుతుంటే దాని సంగతి వేరు, ఆ పనికి శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లను అడిగేది ఇదే. మీ ఫీడర్ చుట్టూ ఈగలు ముసిరితే మందు డబ్బా తీయకండి. కారుతోందేమో చూడండి, పసుపు పూలు తీసేయండి, పళ్లెం ఫీడర్ తెచ్చి సగమే నింపండి. పెరట్లో ఎర్రపూల మొక్క ఒకటి నాటండి. ఈగకూ పిట్టకూ ఆ ఎండలో కష్టమే, రెండూ బతికేలా మన పెరడును సర్దుకోవచ్చు.